సంతకం పెట్టే చెయ్యి



1976 మార్చి నెల. అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో మూడో సంవత్సరం కేడెట్లకు ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ అధ్యాపకులు ఒక లెక్క ఇచ్చి, గదికి పట్టుకెళ్ళి చేసుకు రమ్మన్నారు. ఆ కోర్సు పేరు ఇ.ఇ. 304. తీసుకున్నవాళ్ళు 823 మంది. షరతు ఒక్కటే: ఎవరి లెక్క వాళ్ళే చెయ్యాలి. కాగితాలు తిరిగి వచ్చాయి. వాటిలో ఒక కేడెట్ తనకు వేరొకరి సాయం అందిందని తన చేత్తోనే రాసి ఇచ్చాడు. అది చదివిన అధ్యాపకులు మిగతా కాగితాలను పక్కపక్కన పెట్టి చూశారు. పోలికలు ఒకటి కాదు, రెండు కాదు. విచారణ నెలల తరబడి సాగింది. చివరికి 150 మందికి పైగా కేడెట్లు అకాడమీ వదిలి ఇంటిదారి పట్టారు.

పరీక్షలో కాపీ కొట్టడం మనకు కొత్త సంగతేమీ కాదు. చీటీలు దొరికితే డిబార్ చేస్తారు, మరుసటి ఏడాది మళ్ళీ రాస్తారు, ఊరు మరిచిపోతుంది. మరి ఒక ఇంటిలెక్క విషయం అమెరికా సైనిక మంత్రి బల్ల మీదకు, అక్కడి నుంచి కాంగ్రెస్ దాకా ఎందుకు వెళ్ళింది? ఆ కుర్రాళ్ళు మరో ఏడాదిలో లెఫ్టినెంట్లు కాబోతున్నారు కాబట్టి. ఒక్కొక్కరి వెనక ముప్ఫై, నలభై మంది సైనికులు నడవబోతున్నారు కాబట్టి.

లెఫ్టినెంట్ పని ఎలా ఉంటుందో ఒక్కసారి దగ్గరగా చూద్దాం. మందుపాతరలు పాతించాక, అవి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో అతను మ్యాపు మీద గీత గీస్తాడు. ఆరు నెలల తరువాత వేరే దళం వచ్చి, ఆ గీతను నమ్ముకుని అడుగు వేస్తుంది. రాత్రి గస్తీ ముగించి, ఫలానా గుట్ట దాకా వెళ్ళి వచ్చాం, అక్కడ ఎవరూ లేరు అని వైర్‌లెస్‌లో చెబుతాడు. తెల్లవారేసరికి ఆ మాట మీదే ఒక కంపెనీ బయలుదేరుతుంది. గస్తీ నిజంగా గుట్ట దాకా వెళ్ళిందా, సగం దారిలో చెట్టు కింద కూర్చుని వచ్చిందా అని సరిచూసే తీరిక యుద్ధంలో ఎవరికీ ఉండదు. వైర్‌లెస్‌లో వినిపించిన మాటే సైన్యానికి ఆధారం.

అందుకే అధికారులను తయారుచేసే చోట, తుపాకీ పట్టడం నేర్పినంత శ్రద్ధగా నిజం చెప్పడం నేర్పాలని వెస్ట్ పాయింట్ అనుకుంది. న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున 1802లో పుట్టిన ఈ అకాడమీకి ఒక పద్ధతీ క్రమశిక్షణా పెట్టినవాడు సిల్వేనస్ థేయర్. 1817 నుంచి 1833 దాకా సూపరింటెండెంట్‌గా ఉన్నాడు. చాలాకాలం అక్కడి హానర్ కోడ్, అంటే నిజాయితీ నియమావళి, కాగితం మీద లేదు. మాట తప్పినవాడిని తోటి కేడెట్లే అనధికారంగా ఒక కమిటీగా కూడి విచారించి సాగనంపేవారు. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చి సూపరింటెండెంట్ అయిన డగ్లస్ మెకార్థర్ 1922లో ఆ కేడెట్ల కమిటీకి అధికార హోదా ఇచ్చాడు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక మాక్స్‌వెల్ టేలర్ హయాంలో కోడ్ అచ్చులోకి వచ్చింది. సారాంశం ఒక్క వాక్యమే: కేడెట్ అబద్ధమాడడు, మోసం చేయడు, దొంగతనం చేయడు, అలా చేసేవాళ్ళను సహించడు.

మొదటి మూడూ ఏ ఇంట్లోనైనా పిల్లలకు చెప్పేవే. చిక్కంతా నాలుగోదానితోనే. అది ఆచారంలో ఎప్పటినుంచో ఉన్నా, కోడ్ పాఠంలోకి లాంఛనంగా చేరింది 1970లో. పక్క మంచం కుర్రాడు తప్పు చేశాడని తెలిసి నోరు మెదపకపోతే, తప్పు చేసినవాడితో పాటు నీదీ తప్పే. పద్దెనిమిదేళ్ళ వయసులో దీనికంటే బరువైన షరతు ఇంకొకటి ఉండదు. స్నేహితుడి మీద చాడీలు చెప్పేవాడిని ఏ బడిలోనూ పిల్లలు దగ్గరికి రానివ్వరు. సైన్యమేమో మరోవైపు పక్కవాడి కోసం ప్రాణమివ్వమని నేర్పుతుంది. ఒకే కుర్రాడికి ఈ రెండు పాఠాలూ ఒకే ఏడాదిలో చెబుతారు.

అన్నాపొలిస్‌లోని అమెరికా నౌకాదళ అకాడమీ ఈ విషయంలో వేరే దారి తొక్కింది. 1950ల తొలినాళ్ళలో అక్కడ హానర్ కాన్సెప్ట్ పేరుతో ఒక పద్ధతి రూపుదిద్దుకుంది. తరువాతి కాలంలో కంప్యూటర్ వ్యాపారంలో పేరు తెచ్చుకుని, 1992లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన రాస్ పెరో అప్పట్లో అక్కడ విద్యార్థి. ఆ పద్ధతి రూపకల్పనలో అతని చెయ్యి ఉంది. తప్పు చూసినవాడు పైకి ఫిర్యాదు చేయవచ్చు, లేదా తప్పు చేసినవాడితోనే ముఖాముఖి మాట్లాడి, హెచ్చరించి వదిలిపెట్టవచ్చు. ఊరికే చూసీ చూడనట్టు మాత్రం పోకూడదు. ఇరవై ఏళ్ళ మనిషి స్వభావం తెలిసినవాళ్ళు పెట్టిన ఏర్పాటు ఇది.

వెస్ట్ పాయింట్ నాలుగో షరతు ఎంత కష్టమైనదో 1951లోనే తేలింది. కేడెట్లు రెండు రెజిమెంట్లుగా ఉండేవారు. ఒకే ప్రశ్నలతో ఒక రెజిమెంట్‌కు ఒకరోజు, రెండోదానికి మరునాడు పరీక్ష. కేడెట్లు నిజాయితీపరులు కాబట్టి ప్రశ్నలు మార్చాల్సిన పనిలేదని అకాడమీ నమ్మకం. ముందురోజు రాసినవాళ్ళ నుంచి ప్రశ్నలు రెండోరోజు వాళ్ళకు అందుతూ వచ్చాయి. ఆ ఆగస్టులో 90 మంది కేడెట్లను పంపించేస్తున్నట్టు ప్రకటించారు. అందులో ఫుట్‌బాల్ ఆటగాళ్ళు చాలామంది. దేశమంతా పేరున్న కోచ్ రెడ్ బ్లేక్ కొడుకు కూడా వాళ్ళలో ఉన్నాడు. ఆ జట్టు చాలావరకు ఖాళీ అయిపోయింది. ఏం చేయాలో చెప్పమని జడ్జి లెర్నెడ్ హ్యాండ్ అధ్యక్షతన ఒక సంఘం వేశారు. అమెరికా న్యాయవ్యవస్థలో ఎంతో గౌరవం ఉన్న మనిషి. కోడ్ ప్రకారం పంపేయాల్సిందేనని ఆ సంఘం సమర్థించింది.

విచిత్రమేమిటంటే, ఆ ప్రశ్నలు చేతులు మారడం ఎంతోమందికి తెలుసు. ఒకరిని పట్టిస్తే పదిమంది పోతారు, ఆ పదిమందీ రోజూ పక్కన కూర్చుని అన్నం తినేవాళ్ళే. తప్పును దాచమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఏడాదికేడాదీ అలవాటుగా అందరూ నోరు మూసుకున్నారు, అంతే.

కోడ్ పేరుతో జరిగిన ఇంకో పని గురించి చెప్పక తప్పదు. హానర్ కమిటీ దోషి అని తేల్చినా ఏదో కారణంగా అకాడమీలో ఉండిపోయినవాడిని కేడెట్లు వెలివేసేవారు. గదిలో ఒంటరిగా ఉండాలి. భోజనాల బల్ల దగ్గర ఒంటరిగా తినాలి. పని మీద తప్ప ఒక్కరూ పలకరించరు. 1971లో జేమ్స్ పెలోసీ అనే కేడెట్ మీద, పరీక్షలో సమయం అయిపోయాక కూడా రాశాడని ఆరోపణ వచ్చింది. తాను రాయలేదని అతను అన్నాడు. విచారణ జరిగిన తీరులో లోపముందని పైవాళ్ళు తీర్పు కొట్టేశారు. అయినా తోటివాళ్ళు వెలి వేశారు. 19 నెలలు అతనితో ఎవరూ మాట్లాడలేదు. అకాడమీ వదిలిపోకుండా 1973లో పట్టా తీసుకునే బయటికొచ్చాడు. ఆ ఏడాదే ఈ ఆచారాన్ని రద్దు చేశారు.

అంతకు నలభై ఏళ్ళ ముందు ఇంకో కుర్రాడు ఇదే శిక్ష నాలుగేళ్ళూ అనుభవించాడు. అతను అబద్ధమాడలేదు, కాపీ కొట్టలేదు. బెంజమిన్ ఒ. డేవిస్ జూనియర్ నల్లజాతివాడు. ఆ ఒక్క కారణంతో 1932 నుంచి 1936 దాకా ఎవరూ అతనితో గది పంచుకోలేదు, పలకరించలేదు. 276 మంది తరగతిలో 35వ స్థానంలో నిలిచి బయటికొచ్చాడు. రెండో ప్రపంచయుద్ధంలో టస్కీగీ వైమానికులు అని పేరుపడ్డ నల్లజాతి పైలట్లకు నాయకత్వం వహించి, జనరల్ హోదా దాకా ఎదిగాడు. అతన్ని వెలివేసిన కుర్రాళ్ళంతా హానర్ కోడ్‌కు కట్టుబడినవాళ్ళే. కోడ్ ఎంత గొప్పదైనా, దాన్ని పట్టుకున్న చేతుల్లో ద్వేషం ఉంటే ఏమవుతుందో చెప్పడానికి వేరే ఉదాహరణ వెతకనక్కరలేదు.

ఇప్పుడు అకాడమీ గేటు దాటి యుద్ధరంగంలోకి వెళదాం. 1968 మార్చి 16న వియత్నాంలోని మైలై గ్రామంలో అమెరికా సైనికులు వందలాది నిరాయుధులను, ఆడవాళ్ళను, పసిపిల్లలను చంపేశారు. పైకి వెళ్ళిన నివేదికలో మాత్రం శత్రువులు హతమయ్యారనీ, పెద్ద విజయం దక్కిందనీ ఉంది. హ్యూ థామ్సన్ అనే హెలికాప్టర్ పైలట్ తన కళ్ళతో చూసిందాన్ని ఆ రోజే పైవాళ్ళకు చెప్పాడు. ఆ మాట మెట్టు మెట్టుకూ పలచబడి చివరికి ఆగిపోయింది. ఏడాదికి పైగా గడిచాక గాని నిజం జనానికి తెలియలేదు. విచారణకు జనరల్ విలియం పీర్స్‌ను పెట్టారు. నిజాన్ని కప్పిపుచ్చారన్న ఆరోపణ ఆ సైనికుల డివిజన్‌కు అధిపతిగా ఉన్న మేజర్ జనరల్ శామ్యూల్ కోస్టర్ దాకా వచ్చింది. 1970లో ఆరోపణ వచ్చేనాటికి ఆయన ఏ కుర్చీలో ఉన్నాడు? వెస్ట్ పాయింట్ సూపరింటెండెంట్ కుర్చీలో. కేడెట్లకు హానర్ కోడ్ నేర్పించే సంస్థకు పెద్ద ఆయనే. ఆ పదవి వదులుకున్నాడు. ఒక నక్షత్రం తీసేసి బ్రిగేడియర్ జనరల్‌గా దించారు. థామ్సన్‌కు, అతని సిబ్బందికి పతకం దక్కింది 1998లో, ముప్ఫై ఏళ్ళ తరువాత.

పీర్స్ నివేదిక చూసి కలత చెందిన సైన్యాధిపతి వెస్ట్‌మోర్‌లాండ్, అధికారుల నైతిక స్థితి ఎలా ఉందో చూడమని ఆర్మీ వార్ కాలేజీని ఆదేశించాడు. 1970లో వచ్చిన ఆ అధ్యయనం కుర్ర అధికారులు చెప్పిన మాటలతో నిండి ఉంది. పైవాళ్ళకు మంచి అంకెలే కావాలి, చెడ్డ వార్త చెబితే పదోన్నతి పోతుంది, అందుకే అంకెలు దిద్దుతున్నాం అన్నది వాటి సారం. అకాడమీలో నాలుగేళ్ళు నేర్పిన పాఠాన్ని యూనిట్లో కొన్ని నెలలు చెరిపేస్తున్నాయి. వియత్నాంలో విజయాన్ని శవాల లెక్కతో కొలిచారు. కొలత అదే అయినప్పుడు లెక్క పెరగకుండా ఎలా ఉంటుంది?

ఈ నేపథ్యంలో 1976 కాపీ వ్యవహారాన్ని చూస్తే, తప్పు కుర్రాళ్ళ దగ్గర మాత్రమే ఆగదు. అపోలో 8లో చంద్రుడి చుట్టూ తిరిగొచ్చిన ఫ్రాంక్ బోర్మన్ వెస్ట్ పాయింట్ పూర్వవిద్యార్థి. ఆయన అధ్యక్షతన వేసిన సంఘం ఆ డిసెంబరులో నివేదిక ఇచ్చింది. కేడెట్లు తప్పు చేశారు, నిజమే, కానీ హానర్ వ్యవస్థ పాడవుతుంటే చూస్తూ ఊరుకున్న అకాడమీ కూడా తన వంతు బాధ్యత తలకెత్తుకోవాలి అని ఆ సంఘం నిర్మొహమాటంగా చెప్పింది. పంపేసిన కేడెట్లకు ఏడాది తరువాత తిరిగి చేరే అవకాశం ఇచ్చారు. ఎంతోమంది వచ్చారు, పట్టా తీసుకున్నారు. తప్పు ఎలాంటిదైనా ఒకటే శిక్ష అన్న పాత పద్ధతి సడలింది. ఆ తరువాత అకాడమీని చక్కదిద్దడానికి వచ్చినవాడు ఆండ్రూ గుడ్‌పాస్టర్. నాలుగు నక్షత్రాల జనరల్‌గా విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. ఈ పని కోసం ఒక నక్షత్రం తగ్గించుకుని, లెఫ్టినెంట్ జనరల్‌గా 1977లో మళ్ళీ యూనిఫాం తొడుక్కున్నాడు. కేడెట్లకు ఇంతకంటే మంచి పాఠం తరగతి గదిలో దొరకదు.

కథ అంతటితో తీరలేదు. 2015లో లెనార్డ్ వాంగ్, స్టీఫెన్ గెరాస్ అనే ఇద్దరు ఆర్మీ వార్ కాలేజీ ఆచార్యులు ఒక పరిశోధన వెలువరించారు. అధికారుల్లో అబద్ధం ఎలా మామూలైపోయిందన్నది దాని విషయం. అంతకు ముందు వాంగే వేసిన ఒక లెక్క అందులో ఉంది. ఒక కంపెనీ కమాండర్‌కు ఏడాదిలో శిక్షణకు దొరికే రోజులు 256. పైనుంచి వచ్చిన ఆదేశాల ప్రకారం తప్పనిసరిగా ఇవ్వాల్సిన శిక్షణకు పట్టే రోజులు 297. ఏ దేవుడు దిగివచ్చినా ఆ రెండు అంకెలు కలవవు. అయినా ప్రతి ఏడాదీ, ప్రతి యూనిట్ నుంచీ, అన్నీ పూర్తయ్యాయన్న నివేదికలు వెళుతూనే ఉన్నాయి. కాగితం మీద టిక్కు పెట్టడం, తూతూ మంత్రంగా కానిచ్చేయడం అలవాటయ్యాక, అది అబద్ధమన్న స్పృహే పోతుందని ఆ ఇద్దరూ వాపోయారు. మన ఆఫీసుల్లో వెనక తేదీ వేసి రిజిస్టరులో సంతకాలు చేసే ఎవరికైనా ఈ పరిస్థితి వెంటనే అర్థమవుతుంది.

అంటే, శీలం అన్నది కుర్రాడి గుండెలో మాత్రమే ఉండేది కాదు. అతని బల్ల మీదకు వచ్చే ఫారంలో ఉంటుంది. నిజం రాస్తే అతనికి ఏమవుతుందన్నదానిలో ఉంటుంది.

దీనికి ఎదురు ఉదాహరణ ఒకటి అమెరికా నౌకాదళం నుంచే వస్తుంది. కార్ల్ విన్సన్ అనే విమానవాహక నౌక మీద పనిచేసే ఒక నావికుడు డెక్ మీద ఒక పనిముట్టు పోగొట్టుకున్నాడు. చిన్న స్పానర్ ముక్కైనా సరే, జెట్ ఇంజిన్ దాన్ని లోపలికి పీల్చుకుంటే విమానమూ పైలట్టూ దక్కరు. నావికుడు గమ్మున ఉండలేదు, వెళ్ళి చెప్పేశాడు. గాలిలో ఉన్న విమానాలను ఒడ్డున ఉన్న స్థావరాలకు మళ్ళించి, డెక్ అంతా గాలించారు. ఎంత ఖర్చు, ఎంత గందరగోళం! మరునాడు ఆ నావికుడిని డెక్ మీద అందరి ముందూ నిలబెట్టి సత్కరించారు. పెద్ద సంస్థల్లో ప్రమాదాలు ఎలా నివారించాలో అధ్యయనం చేసేవాళ్ళు ఈ ఘటనను పదేపదే చెబుతారు. ఆ రోజు ఆ నౌక మీద ఉన్న ప్రతి ఒక్కరూ, నిజం చెబితే ఏమవుతుందో కళ్ళారా చూశారు.

మన దగ్గర కూడా వైమానిక దళంలో ప్రతి విమానానికీ ఫారం 700 అనే పుస్తకం ఉంటుంది. హైదరాబాద్ శివార్లలోని దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో విమానం ఎక్కబోయే కుర్రాడు ముందుగా ఆ పుస్తకం చూడాలి. టెక్నీషియన్ ఏ భాగం పరీక్షించాడో, ఏ లోపం సరిచేశాడో అందులో రాసి సంతకం పెడతాడు. అది చదివి, విమానం చుట్టూ ఒకసారి తిరిగి చూసుకుని, కేడెట్ తన సంతకం పెట్టి పైకెగురుతాడు. కింద ఉన్నవాడి చేతిరాతను నమ్మి ఒకడు ఆకాశంలోకి వెళ్ళడం అంటే ఏమిటో అతనికి ఉపన్యాసాలు చెప్పనక్కరలేదు.

డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీ 1932 అక్టోబరులో 40 మంది కేడెట్లతో మొదలైంది. తరువాత ఫీల్డ్ మార్షల్ అయిన శామ్ మానెక్‌షా వాళ్ళలో ఒకడు. ఆ డిసెంబరులో అకాడమీని లాంఛనంగా ప్రారంభిస్తూ అప్పటి సైన్యాధిపతి ఫిలిప్ చెట్‌వుడ్ చెప్పిన మాటలు ఇప్పటికీ అక్కడి చెట్‌వుడ్ హాల్లో చెక్కి ఉన్నాయి. దేశం క్షేమమూ గౌరవమూ ఎప్పుడూ మొదట, నీ కింద పనిచేసే జవాన్ల క్షేమం ఆ తరువాత, నీ సుఖం, నీ భద్రత అన్నిటికంటే చివర అన్నది వాటి అర్థం. వెస్ట్ పాయింట్ కోడ్ చేయకూడనివి చెబుతుంది. చెట్‌వుడ్ మాట ఎవరు ముందు, ఎవరు వెనక అన్న వరస చెబుతుంది. తప్పుడు నివేదిక రాసేవాడు దాదాపు ప్రతిసారీ తన సుఖం కోసమే, తన పదోన్నతి కోసమే రాస్తాడు. కాబట్టి కుర్రాడి మనసుకు ఈ వరసే త్వరగా పడుతుందనిపిస్తుంది.

ఆ వరసను పాటించి చూపినవాళ్ళలో ఒకరు సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ మీదుగా డెహ్రాడూన్‌కు వెళ్ళిన అధికారి. బిహార్ రెజిమెంట్ 16వ బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసర్. 2020 జూన్ 15న గాల్వన్ లోయలో చైనా సైనికులు అనుకున్న ఒప్పందం ప్రకారం వెనక్కి వెళ్ళారా లేదా అన్నది తేల్చుకోవాల్సి వచ్చింది. తన మనుషులతో పాటు ఆయనే ముందుకు వెళ్ళాడు. ఆ రాత్రి ఘర్షణలో 20 మంది భారత సైనికులు అమరులయ్యారు, వాళ్ళలో ఆయన ఒకరు. మహావీర్ చక్ర మరణానంతరం దక్కింది.

అదే ఏడాది వెస్ట్ పాయింట్‌కు మరో దెబ్బ తగిలింది. కరోనా వల్ల కేడెట్లంతా ఇళ్ళ నుంచే రాసిన కాల్‌క్యులస్ పరీక్షలో 73 మంది కాపీ కొట్టినట్టు ఆరోపణ వచ్చింది. దాదాపు అందరూ మొదటి సంవత్సరం వాళ్ళే. 2021లో ఎనిమిది మందిని పంపేశారు, 51 మందిని ఒక ఏడాది వెనక్కి దించారు. తప్పు ఒప్పుకున్నవాళ్ళకు అకాడమీలోనే కొనసాగే దారి చూపే పథకం 2015 నుంచి ఉండేది, దాన్ని రద్దు చేశారు. పట్టుబడ్డాక ఒప్పుకోవడం తప్పించుకునే దారిగా మారిందన్నది దాని మీద వచ్చిన విమర్శ. ఆ విమర్శలో నిజముంది. అయినా, ఒప్పుకున్నవాడికీ బుకాయించినవాడికీ ఒకే గతి పడితే, తరువాతి కుర్రాడు ఏది ఎంచుకుంటాడో ఊహించడం కష్టం కాదు. పథకాన్ని సరిదిద్దాల్సింది, రద్దు చేయాల్సింది కాదు.

నేషనల్ డిఫెన్స్ అకాడమీ నుంచి 2025 మే 30న మొదటిసారిగా 17 మంది అమ్మాయిలు అబ్బాయిలతో కలిసి శిక్షణ ముగించుకుని బయటికొచ్చారు. మరో ఏడాది తమ తమ దళాల అకాడమీల్లో శిక్షణ, ఆ తరువాత యూనిట్లకు. అక్కడ వాళ్ళ బల్ల మీదకు మొదటి నెలవారీ నివేదిక వస్తుంది. జరగని శిక్షణ జరగలేదని అందులో రాసి, సంతకం పెట్టి పంపితే, దాన్ని చదివిన కమాండింగ్ ఆఫీసర్ ఆ కుర్ర లెఫ్టినెంట్‌ను పిలిచి మొదట ఏమి అడుగుతాడన్నది అకాడమీ చేతిలో లేదు. అది ఆయన చేతిలోనే ఉంది.